పాత పికప్‌లో ‘స్టీరింగ్ బాలేదు’ అంటే అసలు ఏం బాలేదు?

కోనసీమలో పికప్ నడిపేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, మన రోడ్లలో చాలా వరకు కాలువ గట్లే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పారాయి, ఆ గట్ల మీదే తర్వాత కంకర పడింది, తారు పడింది. కింద నల్లమట్టి. వానలకి ఉబ్బుతుంది, ఎండలకి నెర్రెలిచ్చి కుంగుతుంది, పైన తారు ఎంత బాగా వేసినా కొన్నాళ్లకే అలలు అలలుగా తయారవుతుంది. ఒకపక్క కాలువ, ఇంకోపక్క చేనో రొయ్యల చెరువో, ఎదురుగా బస్సొస్తే ఎడమ చక్రాలు మట్టిలోకి దించక తప్పదు. అలాంటి చోట కొబ్బరికాయల లోడుతో వెళ్తూ, స్టీరింగ్ తిప్పిన అరక్షణానికి గానీ బండి తిరగకపోతే పడే టెన్షన్ ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు.

మా బండికి పదిహేనేళ్లు దాటాయి. నిరుడు ఎండాకాలం నుంచి రోడ్డు మీద నిలవడం మానేసింది. ఒక షెడ్డులో టై రాడ్ ఎండ్లు, అంటే ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు చివరి జాయింట్లు, రెండు వైపులా మార్చారు. ఇంకో షెడ్డులో స్టీరింగ్ బాక్స్ మీద స్క్రూ బిగించి పంపారు. అలైన్‌మెంట్, అంటే చక్రాల దిశ సరిచేయడం, రెండుసార్లు చేయించాం, ముందు టైర్లు కొత్తవి వేయించాం. డబ్బులు పోతూనే ఉన్నాయి, బండి మాత్రం అలాగే ఉంది. చివరికి జబ్బు దొరికింది వెనక ఇరుసు ఉండే హౌసింగ్ దగ్గర, ఎడమ కమాన్ కట్ట (ఇనుప పట్టీల స్ప్రింగు) కింద. స్టీరింగ్‌కి ఏ సంబంధమూ లేదనిపించే చోట! ఇలా తిరిగి తిరిగి డబ్బు పోగొట్టుకునేవాళ్లు మన చుట్టుపక్కల చాలామంది ఉన్నారు కాబట్టి, ఏ జబ్బుకి ఎక్కడ చూడాలో, ఏ వరసలో చూడాలో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందు చేయాల్సిన పని ‘స్టీరింగ్ బాలేదు’ అనే మాట మానేయడం. షెడ్డుకి వెళ్లి ఆ మాటంటే మెకానిక్ తనకి అలవాటైన పార్టే మారుస్తాడు, ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. అదే మాటకి అరడజను జబ్బులున్నాయి మరి. స్టీరింగ్ కాస్త తిప్పినా చక్రం కదలకపోతే అది ప్లే, మన భాషలో ఆట. స్టీరింగ్ కదపకుండా పట్టుకున్నా బండి ఓసారి అటు, ఓసారి ఇటు పోతుంటే అది తేలడం. ఎప్పుడూ ఒక పక్కకే పోతుంటే లాగడం. ఒక స్పీడు దగ్గర చేతుల్లో స్టీరింగ్ దడదడలాడితే కొట్టుకోవడం. ఇక తిప్పడానికి బరువుగా ఉండటం ఒకటి, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రాకపోవడం ఇంకొకటి. వీటిలో మీ బండికున్నది ఏదో, ఖాళీగా ఉన్నప్పుడా లోడుతోనా, బ్రేక్ కొట్టినప్పుడా యాక్సిలేటర్ తొక్కినప్పుడా, ఎంత స్పీడులో వస్తోందో ఒక రోజంతా గమనించి చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

పార్టుల జోలికి పోకముందు టైర్లు చూడండి. బండిలో తలుపు దగ్గర స్టిక్కర్ మీదో, మాన్యువల్‌లోనో ఖాళీకి ఎంత, లోడుకి ఎంత గాలి ఉండాలో రాసి ఉంటుంది, టైరు చల్లగా ఉన్నప్పుడు అంత కొట్టించండి. టైరు అరుగుదల చదవడం నేర్చుకుంటే అది ఎక్స్‌రే లాంటిది. రెండు అంచులూ అరిగి మధ్య మిగిలితే గాలి తక్కువగా నడిచింది, మధ్యే అరిగితే గాలి ఎక్కువైంది. ఒక్క అంచే అరిగితే చాలాసార్లు చక్రం నిలువుగా లేదు, వాలి ఉంది. అక్కడక్కడా గుంటలు పడ్డట్టు అరిగితే షాక్ అబ్జార్బరో, హబ్ బేరింగో, బ్యాలెన్సింగో. అన్నిటికంటే పనికొచ్చేది అరచేతి పరీక్ష. టైరు బటన్ల (నేలకి తగిలే రబ్బరు దిమ్మల) మీద అరచేత్తో బయట నుంచి లోపలికి ఒకసారి, లోపలి నుంచి బయటికి ఒకసారి రాయండి. ఒక దిక్కున నున్నగా జారి, రెండో దిక్కున రంపంలా గీసుకుంటే చక్రాలు నేరుగా దొర్లట్లేదు, పక్కకి ఈడ్చుకుపోతున్నాయి. బయటికి రాసినప్పుడు గీసుకుంటే చక్రాల ముక్కులు (ముందు అంచులు) లోపలికి మరీ ఎక్కువ చూస్తున్నట్టు, లోపలికి రాసినప్పుడు గీసుకుంటే బయటికి చూస్తున్నట్టు. మా కొత్త టైర్లు పెద్దగా తిరగకుండానే రంపం పళ్లు తేలాయి. ఆ రోజే అర్థమై ఉండాల్సింది, మాకు తట్టలేదు.

ఇక ఆట సంగతి. దీనికి ఇద్దరు మనుషులు చాలు, పనిముట్టు ఏదీ అక్కర్లేదు. చక్రాలు నేల మీదే ఉండాలి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద దిమ్మలు పెట్టాలి. మామూలు స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆపేయొచ్చు, పవర్ స్టీరింగ్ అయితే న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తూ ఉండాలి. క్యాబిన్‌లో ఒకరు స్టీరింగ్‌ని కొద్దికొద్దిగా, చక్రం కదిలేంత వరకు మాత్రమే అటూ ఇటూ ఆడిస్తుండాలి. రెండో మనిషి ఒక్కో జాయింటు మీద చెయ్యేసి చూడాలి.

మా బండిని చివరికి పట్టుకున్న పెద్దాయన చేసిన పద్ధతి ఇక్కడ చెప్పాలి. కొత్తపేట వైపు చిన్న షెడ్డు ఆయనది, చెట్టు నీడే ఎక్కువ. గోనెసంచి పరుచుకుని పక్కకి ఒత్తిగిలి పడుకుని, మా బావని క్యాబిన్‌లో కూర్చోబెట్టి, “తిప్పండి బాబూ... ఆయ్, అంతే. ఇప్పుడు ఇంకోపక్క” అంటూ, చూపుడువేలిని టై రాడ్ ఎండ్ గిన్నె మీద సగం, అది బిగించిన ఆర్మ్ మీద సగం ఉండేలా పెట్టారు. రెండు ముక్కలూ కలిసి కదిలితే వేలికి ఏమీ తెలియదు. ఒకటి ముందు కదిలి రెండోది ఆగి కదిలితే, కంటికి కనపడని తేడా కూడా గోరు కింద టిక్కుమని తగులుతుంది. నన్నూ పెట్టమన్నారు. మా బండికి అక్కడేం తెలియలేదు, పక్కనున్న ఇంకో బండికి పెట్టి చూస్తే తెలిసింది. ఆ తేడా ఒకసారి వేలికి తగిలాక మర్చిపోరు.

అలా పై నుంచి కిందికి వరసగా రావాలి. స్టీరింగ్ రాడ్ మధ్యలో ఉండే కప్లింగ్, బాక్స్ లోపలికి వెళ్లే షాఫ్ట్, బాక్స్ నుంచి బయటికొచ్చే పిట్‌మన్ ఆర్మ్, అక్కడి నుంచి కదలికని చక్రం వైపు మోసే డ్రాగ్ లింక్, తర్వాత టై రాడ్. పై ముక్క కదిలి దాని కింది ముక్క కదలకపోతే ఆట అక్కడే పోతోంది. దారిలో ఇంకో రెండు చోట్లు చాలామంది చూడరు. స్టీరింగ్ బాక్స్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే బోల్టులు ఒకటి, ఆ బోల్టుల చుట్టూ ఛాసిస్ ఇనుములో పగులు ఇంకొకటి. బాక్స్ మొత్తం ఛాసిస్ మీద ఊగుతుంటే కింద ఎన్ని జాయింట్లు మార్చినా ఏం లాభం? పగులు కనిపిస్తే ఆ బండిని ఆ రోజు రోడ్డెక్కించకండి.

ఇప్పుడు ఆ బాక్స్ మీద స్క్రూ గురించి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం. పాత పికప్‌లలో చాలా వాటికి ఉండేది రీసర్క్యులేటింగ్ బాల్ బాక్స్. లోపల ఒక మర షాఫ్ట్, దాని మీద ఉక్కు గుళ్ల మీద నడిచే నట్టు, ఆ నట్టు పళ్లు తిప్పే సెక్టర్ షాఫ్ట్. బాక్స్ పైన లాక్ నట్‌తో ఉండే స్క్రూ సెక్టర్ పళ్లని నట్టు పళ్లకి దగ్గర చేస్తుంది. బండి ఎక్కువ సేపు నేరుగానే పోతుంది కాబట్టి మధ్య పళ్లే ఎక్కువ అరుగుతాయి, పక్క పళ్లు కొత్తగానే ఉంటాయి. మధ్యలో ఆట పోయేదాకా స్క్రూ బిగిస్తే పక్కలకి తిప్పినప్పుడు పళ్లు బిగుసుకుంటాయి. షెడ్డు ముందు నిలబడి చూస్తే ఆట పోయినట్టే ఉంటుంది. రోడ్డు మీద మలుపు తిరిగాక మాత్రం స్టీరింగ్ వెనక్కి రాదు, మనమే లాగాలి, మనం ఎక్కువ లాగుతాం, బండి ఇంకోవైపు పోతుంది. అంటే ఆట జబ్బు తీసేసి తేలే జబ్బు తెచ్చుకున్నట్టు. స్క్రూ ముట్టుకోవద్దని కాదు, దానికి మాన్యువల్‌లో పద్ధతి ఉంది. మిగతా జాయింట్లన్నీ బాగున్నాయని తేలాక, డ్రాగ్ లింక్ విప్పేసి, బాక్స్‌ని ఒంటరిగా తిప్పి చూస్తూ చేయాల్సిన పని అది. మా బండికి బిగించిన స్క్రూని పెద్దాయన మొదట వెనక్కి వదిలారు, సగం ఇబ్బంది అక్కడే తగ్గింది.

జాయింట్లు అయ్యాక ముందు చక్రం లేపి చూడాలి. మన మట్టిలో జాకీ దిగబడిపోతుంది కాబట్టి కింద మందపాటి చెక్క వేయండి, జాకీ ఒక్కదాని నమ్మకం మీద బండి కింద తల పెట్టకండి, స్టాండో దుంగో ఆనించాలి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే హబ్ బేరింగ్ అయినా కావాలి, చక్రం కుడి ఎడమలకి మళ్లడానికి ఆధారమైన కింగ్ పిన్నో బాల్ జాయింటో అయినా కావాలి. ఏదో తేల్చడానికి క్యాబిన్‌లో మనిషిని బ్రేక్ తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. బ్రేక్ తొక్కితే కదలిక పోతే బేరింగ్, అయినా ఉంటే పిన్ను. కుడి ఎడమలుగా పట్టుకుని ఊపితే కదిలేది ఎక్కువగా టై రాడ్ వైపు. ముందు ఒకే ఇరుసు, కమాన్ కట్టలు ఉన్న బండ్లలో కింగ్ పిన్నులుంటాయి, జాకీ ఇరుసు కింద పెడితే చాలు. రెండు చక్రాలూ విడివిడిగా ఆడే బండ్లలో బాల్ జాయింట్లుంటాయి. వాటిలో స్ప్రింగు బరువు కింది ఆర్మ్ మీద ఉంటే జాకీ ఆ కింది ఆర్మ్ చివరే పెట్టాలి, లేకపోతే జాయింటు బిగిసి ఉండి ఆట కనపడదు.

కింగ్ పిన్ అంటే గ్రీజు సంగతి గుర్తొస్తుంది. చేపల ట్రేలు, రొయ్యల ట్రేలు మోసే బండ్ల కింద రోజంతా ఉప్పునీళ్లు, ఐసు నీళ్లు కారుతూనే ఉంటాయి. గ్రీజు నిపుల్ తుప్పు పట్టి మూసుకుపోతుంది, గన్ను పెట్టి కొడితే గ్రీజు పక్క నుంచి బయటికొచ్చేస్తుంది, కుర్రాడు తుడిచేసి ‘అయిపోయింది’ అంటాడు. పాత నల్ల గ్రీజు సీలు దగ్గర నుంచి బయటికొచ్చి దాని వెనక కొత్తది కనిపిస్తేనే లోపలికి పోయినట్టు. అదీ చక్రం లేపి, బరువు లేకుండా కొట్టాలి. గ్రీజు లేని కింగ్ పిన్ మొదట బిగుసుకుంటుంది, స్టీరింగ్ బరువవుతుంది, తర్వాత అరిగిపోయి వదులవుతుంది.

స్టీరింగ్ కొట్టుకోవడానికి అసలు మూలం చాలాసార్లు చక్రం బ్యాలెన్స్ లేకపోవడం, లేదా చక్రం డిస్కు (రిమ్ము) వంగడం. ఒక స్పీడులో మొదలై, దాటితే తగ్గుతుంది. కానీ చిన్న గొయ్యి తగలగానే మొదలై, బండి దాదాపు ఆపేదాకా ఆగకపోతే మాత్రం ఎక్కడో వదులుంది. చక్రం కుదుపు పుట్టిస్తుంది, వదులు జాయింటు దాన్ని పెంచుతుంది. రెండూ సరిచేయాలి, బ్యాలెన్సింగ్ ఒక్కటే చేయిస్తే కొన్నాళ్లు ఊరుకుని మళ్లీ వస్తుంది.

ఒక పక్కకి లాగే జబ్బుని కనిపెట్టడం వీటిలో తేలిక. ముందు రోడ్డు వాలు కాదని చూసుకోండి. మన రోడ్లు నీళ్లు పోవడానికి అంచులకి వాలుగా వేస్తారు, మనం ఎడమ పక్క పోతాం, కొంచెం ఎడమకి దిగడం సహజం. చదునైన చోట కూడా లాగితే ముందు టైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చండి. లాగుడు దిక్కు మారితే జబ్బు టైరులోనే ఉంది. మారకపోతే కాసేపు నడిపి ఆపి, హబ్‌ల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, అంటుకోకుండా, సెగ తెలిసేంత దూరంలో. ఒకటి మిగతావాటి కంటే బాగా వేడిగా ఉంటే ఆ చక్రానికి బ్రేక్ పట్టుకుపోతోంది.

తేలే జబ్బు దగ్గరే మనం దారి తప్పేది. స్టీరింగ్ వదులైతే బండి తేలుతుందని తెలుసు. కమాన్ కట్టలు కూడా స్టీరింగ్‌లో భాగమేనని తట్టదు. ఇరుసుని బండికి పట్టి ఉంచేవి ఆ కట్టలే, ఆ కట్టల చివర వాటిని ఛాసిస్‌కి కలిపే షాకిల్ బుష్‌లే. ముందు బుష్‌లు అరిగితే ఇరుసు మొత్తం అటూ ఇటూ జరుగుతుంది, బాక్స్ మాత్రం ఛాసిస్‌తో ఉంటుంది, మధ్యలో ఉన్న డ్రాగ్ లింక్ ఎవరూ తిప్పకుండానే చక్రాన్ని తిప్పేస్తుంది. ముందు కట్ట కుంగినా ఇంచుమించు ఇదే గొడవ. కట్ట ఒక వంపులో పైకీ కిందికీ ఆడుతుంది, డ్రాగ్ లింక్ ఇంకో వంపులో ఆడుతుంది, ఎత్తు సరిగ్గా ఉన్నంత కాలం రెండూ దగ్గరగా పోతాయి, కుంగితే పోవు. అలలుగా ఉన్న గట్టు రోడ్డు మీద ప్రతి ఎత్తుకీ పల్లానికీ స్టీరింగ్ చేతుల్లో తనంతట తాను కదులుతుంటే ఇదే అనుకోండి. వెనక ఇరుసు దాటి చివర బరువెక్కువ వేస్తే ముందు చక్రాలు తేలికవుతాయి, తేలుడు ఇంకా పెరుగుతుంది. కడియం నర్సరీల నుంచి పెద్ద మొక్కల కుండీలు ఎక్కించేటప్పుడు బరువైనవి క్యాబిన్ వైపు పెట్టమని డ్రైవర్లు గోల పెట్టేది అందుకే.

ఇక మా బండి. పెద్దాయన ముందు భాగమంతా చూసి బావని అడిగిన ప్రశ్న ఒకటే: “యాక్సిలేటర్ తొక్కితే ఎటు పోతుంది బాబూ, వదిలితే ఎటు పోతుంది?” బావ కాసేపు ఆలోచించి, తొక్కితే ఎడమకి, వదిలి బ్రేక్ పెడితే కుడికి అన్నాడు. మేం ఇన్నాళ్లూ దాన్ని ‘అటూ ఇటూ పోతోంది’ అనే చెబుతున్నాం! ఆ ఒక్క మాటతో ఆయన వెనక్కి వెళ్లారు. వెనక చక్రాలు తోసేటప్పుడు హౌసింగ్ ముందుకి జరగాలని చూస్తుంది, బ్రేక్ పట్టినప్పుడు వెనక్కి. హౌసింగ్‌ని కట్టలకి బిగించే యు బోల్టులు రెండు వైపులా గట్టిగా పట్టి ఉంటే ఎటూ జరగదు. ఎడమవైపు వదులైతే ఎడమ చివరొక్కటే ముందుకీ వెనక్కీ జరుగుతుంది, అంటే వెనక ఇరుసు కూడా స్టీరింగ్ తిప్పుతున్నట్టే. ఎడమ చివర వెనక్కి జరిగినప్పుడు బండి కుడికి పోతుంది, నేరుగా పోవాలంటే స్టీరింగ్ ఎడమకి వంచి పట్టుకోవాలి.

టేపు తెచ్చి ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి రెండు వైపులా కొలిచారు. ఎడమ వైపు వేలెడు వెడల్పు ఎక్కువ వచ్చింది. తర్వాత టార్చి వేసి చూపించారు. కట్ట కింద హౌసింగ్ మీద మిగతా చోటంతా నల్లగా, బురద పట్టి ఉంది, కట్ట అంచు వెంబడి మాత్రం సన్నని గీతలా ఇనుము మెరుస్తోంది, దాని పక్కన కుంకుమ రాలినట్టు ఎర్రటి తుప్పు పొడి. రోజూ రాపిడి పడితే గానీ అలా మెరవదు. విప్పితే సెంటర్ బోల్టు రెండు ముక్కలుగా వచ్చింది. పట్టీలన్నిటినీ కలిపి, హౌసింగ్ మీది గుంటలో కూర్చుని ఇరుసుని కదలకుండా ఆపేది దాని తలకాయే. రెండేళ్ల క్రితం లోడు ఆగడానికి అదనంగా ఒక పట్టీ వేయించాం. కొత్త పట్టీ నలిగి సర్దుకున్నాక యు బోల్టులు మళ్లీ బిగించాలి. మేం బిగించలేదు, ఎవరూ చెప్పలేదు కూడా. బోల్టులు వదులయ్యాక బరువంతా సెంటర్ బోల్టు మీద పడింది, ఉప్పునీటి తుప్పు దాన్ని అప్పటికే తినేసింది.

రెండుసార్లు అలైన్‌మెంట్ చేసినా ఇది ఎందుకు దొరకలేదంటే, ఆ రెండుసార్లూ కొలిచింది ముందు చక్రాలనే. వెనక ఇరుసు వంకరగా ఉంటే ముందు ఎంత సరిచేసినా బండి పీతలా పక్కకే నడుస్తుంది. మిషన్ లేకపోయినా ఇది చూసుకోవచ్చు. వాన వెలిశాక సిమెంటు కళ్లం మీద నేరుగా పోనిచ్చి దిగి తడి జాడలు చూడండి, వెనక జాడలు రెండు వైపులా ముందు జాడలకి ఒకేలా ఉన్నాయో, ఒక పక్కకి జరిగాయో తెలిసిపోతుంది. ఇంకో సంగతి, ముందు ఒకే ఇరుసు ఉన్న బండ్లలో అలైన్‌మెంట్ షాపువాళ్లు టై రాడ్ తిప్పి మార్చగలిగేది చక్రాల ముక్కుల దూరం ఒక్కటే. కాగితం మీద చక్రం వాలు తేడా చూపిస్తే అది కింగ్ పిన్ అరుగుదలో, ఇరుసు వంగడమో, బేరింగో. వదులంతా తీసేశాకే అలైన్‌మెంట్, అంతకు ముందు చేయించేది డబ్బు దండగ.

కొత్త సెంటర్ బోల్టు, నాలుగు కొత్త యు బోల్టులు, షాకిల్ బుష్‌లు వేశారు. బండి నేల మీద దించి బరువు పడ్డాకే చివరి బిగింపు బిగించారు. వారం లోడు తిప్పి మళ్లీ తీసుకురమ్మన్నారు. చించినాడ వంతెన మీదుగా పాలకొల్లుకి నాలుగు ట్రిప్పులు వేసి వెళ్లాం. పెద్దాయన స్పానర్ వేసి లాగితే ఎడమవైపు నట్లు రెండు దాదాపు పావు చుట్టు తిరిగాయి.